హిల్డెగార్డమ్మ మఠం, ఐబింగెన్: ముందు పాట వినండి, తర్వాత బిస్కెట్లు కొనండి

ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళందరికీ రూడెస్‌హైమ్ తెలుసు. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఒక శనివారం అక్కడికి తీసుకెళ్తాం, రైన్ నదిలో పడవ ఎక్కిస్తాం, జనంతో కిటకిటలాడే ఆ ఇరుకు సందులో తిప్పుతాం, రోప్‌వేలో పైకెళ్ళి ఫొటోలు తీసుకుని సాయంత్రానికి ఇల్లు చేరతాం. నేనూ మూడుసార్లు అదే చేశాను. ఆ మూడుసార్లూ ఊరి పైన ద్రాక్షతోటల మధ్య రెండు గోపురాలతో ఒక పెద్ద కట్టడం కనిపిస్తూనే ఉంది, ఏదో కోట అనుకుని వదిలేశాను. ఈసారి మా అమ్మ వచ్చింది. ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండెక్కి మరియమాతకి కొవ్వొత్తి వెలిగించందే ఊరుకోని మనిషి ఆవిడ. పడవ దిగగానే పైకి చూసి, "అది చర్చే కదే, అక్కడికెందుకు తీసుకెళ్ళవు?" అంది. అలా వెళ్ళాం, ఆ తర్వాత నెల తిరగకుండా మళ్ళీ వెళ్ళాం.

అది పునీత హిల్డెగార్డ్ మఠం. ఐబింగెన్ అనే చిన్న ఊరికి పైన ఉంటుంది, ఇప్పుడు ఐబింగెన్ రూడెస్‌హైమ్‌లో భాగమే. ఈ రివ్యూ ఆ మఠం గురించి, అక్కడి షాపు గురించి, ఇంకా ఆమె పేరు తగిలించి బయట ఆన్‌లైన్‌లో అమ్మే సరుకు గురించి కూడా. మఠానికీ షాపుకీ ఐదుకి ఐదు ఇస్తున్నాను. బయటి సరుకు సంగతి కింద చెప్తాను.

ముందు ఆవిడ ఎవరో తెలియాలి, లేకపోతే అక్కడికి వెళ్ళి కేకు తిని వచ్చేస్తారు. హిల్డెగార్డ్ 1098లో పుట్టింది. కలవారి పిల్ల, తల్లిదండ్రులకి పదో సంతానం. పంటలో పదోవంతు దేవుడికి ఇచ్చినట్టే పదో బిడ్డనీ ఇచ్చేశారని చెప్తారు. చిన్నతనంలోనే యుట్టా అనే భక్తురాలి చేతిలో పెట్టారు, 1112లో ఆవిడతో కలిసి డిసిబోడెన్‌బెర్గ్ మఠం దగ్గర ఒక గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుంది. అప్పటికి పద్నాలుగేళ్ళు. 1136లో యుట్టా చనిపోయాక అక్కడి కన్యస్త్రీలందరికీ పెద్దదిక్కు అయింది. చిన్నప్పటి నుంచీ ఆమెకి ఒక వెలుగు కనిపించేది, నిద్రలో కాదు, కళ్ళు తెరిచి మెలకువగా ఉండగానే, ఆ వెలుగులో ఆకారాలు, మాటలు. ఎవరికైనా చెప్తే ఏమనుకుంటారోనని లోపలే దాచుకుంది. 1141లో, అప్పటికి తన వయసు 42 ఏళ్ళ 7 నెలలు అని ఆవిడే రాసుకుంది, 'చూసింది రాయి, విన్నది రాయి' అని ఆజ్ఞ వచ్చింది. భయపడి రాయలేదు, మంచం పట్టింది. చివరికి కలం పట్టుకున్నాక ఆ మొదటి పుస్తకం, స్కీవియాస్, పూర్తవడానికి పదేళ్ళు పట్టింది. ఈ లోపే 1147-48లో ట్రియర్‌లో బిషప్పుల సభ జరిగినప్పుడు మూడో యూజీన్ పోపుగారు దానిలో కొంత భాగం చదివి, రాస్తూ ఉండమన్నారు. ఆ దర్శనాలు మైగ్రేన్ తలనొప్పి వల్ల వచ్చినవని రాసిన వైద్య పండితులు కూడా ఉన్నారు. తలనొప్పి వచ్చినా రావచ్చు, కానీ ఆ తలనొప్పితో ఎవరు ఇంత పని చేస్తారు? నాకిప్పుడు నలభై ఒకటి. ఇక కొత్తగా ఏం మొదలుపెడతాంలే అనుకునే వయసులో ఆవిడ మొదటి వాక్యం రాసింది, ఆ ఒక్క సంగతి దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను.

తర్వాత చేసినవి చెప్పాలంటే ఊపిరాడదు. 70 పైగా పాటలు కట్టింది, మాటలూ ఆవిడవే, బాణీలూ ఆవిడవే. సుగుణాలు, సాతాను ఒక ఆత్మ కోసం పోరాడే సంగీత నాటకం రాసింది, అందులో సుగుణాలన్నీ పాడతాయి, సాతానుకి మాత్రం పాట లేదు, అరుపే. చెట్లు, రాళ్ళు, చేపలు, పక్షులు, లోహాలు వేటికి ఏ గుణం ఉందో రాసింది. సొంతంగా 23 అక్షరాలు తయారుచేసుకుని, దాదాపు వెయ్యి మాటలతో ఒక భాషే కల్పించుకుంది. పోపులకీ రాజులకీ ఇంకా ఎందరికో కలిపి దాదాపు 400 ఉత్తరాలు రాసింది, చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసాని కూడా తప్పు చేసినప్పుడు తప్పనే అంది. ఆడవాళ్ళు నలుగురిలో నోరెత్తకూడదనే రోజుల్లో, అరవై దాటాక ఊరూరా తిరిగి ప్రసంగాలు చేసింది. 1150 ప్రాంతంలో పాత మఠాధిపతి వద్దంటున్నా వినకుండా, ఇరవై మంది దాకా కన్యస్త్రీలని వెంటబెట్టుకుని బింగెన్ దగ్గర రూపర్ట్స్‌బెర్గ్‌లో సొంత మఠం కట్టుకుంది. 1165లో నది ఇవతల ఐబింగెన్‌లో రెండోది పెట్టింది. వారానికి రెండుసార్లు పడవలో రైన్ దాటి వచ్చి ఇక్కడివాళ్ళని చూసుకుని వెళ్ళేదట, అప్పటికి అరవై ఏడేళ్ళు. మేం ఫొటోల కోసం ఎక్కిన పడవ దాటేది కూడా అదే నీళ్ళే, అమ్మకి ఆ మాట చెప్పగానే వెనక్కి తిరిగి నదికి దణ్ణం పెట్టుకుంది.

ఒక విషయం ముందే చెప్పాలి, చాలామంది పొరబడతారు. ఇప్పుడు పైన కనిపించే మఠం ఆవిడ కట్టింది కాదు, 1900 నుంచి 1904 మధ్య కట్టింది. రూపర్ట్స్‌బెర్గ్ మఠాన్ని 1632లో యుద్ధంలో స్వీడన్ సైనికులు కాల్చేశారు. పాత ఐబింగెన్ మఠం 1800ల మొదట్లో మూతపడింది, దాని చోటే ఇప్పుడు కింద ఊళ్ళో ఉన్న చర్చి. ఆవిడ పవిత్ర అవశేషాలు ఆ కింది చర్చిలోనే ఉన్నాయి, పైన మఠంలో కాదు. పీఠం దగ్గర బంగారు పెట్టె ఉంటుంది, అందులో పుర్రె, జుట్టు, గుండె, నాలుక భద్రం చేశారు. నాలుక అనగానే నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకో కాసేపట్లో మీకూ అర్థమవుతుంది. కాబట్టి పైకి ఎక్కేటప్పుడో దిగేటప్పుడో కింది చర్చి తప్పకుండా చూడండి.

ఇక పైకి. స్టేషన్ నుంచి నడిస్తే అంతా ఎక్కుడే, పెద్దవాళ్ళతో నిదానంగా అయితే గంట వేసుకోండి. అమ్మ మోకాళ్ళకి కష్టమని మేం కారులో వెళ్ళి, వచ్చేటప్పుడు మాత్రం నడిచి దిగాం. రెండు పక్కలా ద్రాక్షతోటలే, కొంతభాగం మఠానిదే, సిస్టర్లు తమ తోటల ద్రాక్షతోనే వైన్ చేస్తారు. చర్చి లోపలికి అడుగుపెట్టగానే బయటి ఎండా, గోలా ఆగిపోతాయి. గోడల నిండా మట్టిరంగులు, బంగారు రంగు కలిసిన చిత్రాలు, పీఠం పైన చేతులు చాచిన పెద్ద క్రీస్తు. ఒక పక్క గోడ మీద హిల్డెగార్డ్ జీవితం వరుసగా వేశారు. అమ్మకి జర్మన్ రాదు, ఇంగ్లీషూ అంతంతమాత్రమే, అయినా చిత్రాలు చూసుకుంటూ కథంతా తనే చెప్పుకుపోయింది, "ఇదిగో ఇక్కడ తల్లిదండ్రుల్ని విడిచి వెళ్ళిపోతోంది, చూడు."

అసలు రావాల్సింది సాయంకాల ప్రార్థనకి. సిస్టర్లకి పక్కగా వేరే చోటు ఉంటుంది, మనకి మనుషులు సరిగ్గా కనబడరు, గొంతులే వినిపిస్తాయి. లాటిన్‌లో కీర్తనలు. ఒక వరస ఒక పక్కవాళ్ళు, తర్వాతి వరస రెండో పక్కవాళ్ళు, మధ్యలో చిన్న విరామం, ఆ విరామంలో ఊపిరి కూడా అందరూ ఒక్కసారే తీసుకుంటున్నట్టు ఉంటుంది. మైకు లేదు, కీబోర్డు లేదు, గట్టిగా పాడాలన్న ఆరాటం లేదు. మన దగ్గర పూజలో గాయక బృందం అంటే స్పీకర్ బాక్సులు లేకుండా నేను ఊహించలేను, అందుకేనేమో ఆ నెమ్మది గొంతులకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మ జపమాల చేతిలో పట్టుకుంది కానీ ఒక్క పూస కూడా తిప్పలేదు.

ఆ పాట ఎందుకంత ముఖ్యమో చెప్తాను, నా దృష్టిలో ఆవిడ జీవితం మొత్తంలో ఇదే పెద్ద సంగతి. 1178, హిల్డెగార్డ్‌కి ఎనభై ఏళ్ళు. అంతకుముందు శ్రీసభ, అంటే కతోలిక సంఘం, వెలివేసిన ఒక పెద్దమనిషిని రూపర్ట్స్‌బెర్గ్ సమాధుల్లో పాతిపెట్టారు. అతను చనిపోయే ముందే పాపసంకీర్తనం చేసి, అంటే పాపాలు ఒప్పుకుని, సభలో మళ్ళీ కలిశాడని ఆవిడ మాట. మైన్స్ నగర చర్చి గురువులు ఒప్పుకోలేదు, శవాన్ని తవ్వి బయట పారేయమన్నారు. ఆవిడ తవ్వనివ్వలేదు. సమాధి ఎక్కడుందో కనిపెట్టకుండా స్వయంగా వెళ్ళి ఆనవాళ్ళు చెరిపేసిందని కూడా చెప్తారు. దానికి శిక్షగా మఠంలో దివ్యసత్ప్రసాదం ఆపేశారు, పాట ఆపేశారు. ప్రార్థనలు పాడకూడదు, తలుపులు మూసుకుని మెల్లగా చదువుకోవాలి. జీవితమంతా పాటలు కట్టిన మనిషికి, రోజుకి ఎన్నోసార్లు పాటతోనే దేవుడి ముందు నిలబడే మనిషికి, ఎనభయ్యో ఏట నోరు కట్టేశారు. ఆవిడ శిక్షకి లోబడింది, కానీ ఊరుకోలేదు. మైన్స్ గురువులకి పెద్ద ఉత్తరం రాసింది. సంగీతం అంటే ఆదాము స్వర్గంలో దేవదూతలతో కలిసి పాడిన గొంతు తాలూకు జ్ఞాపకం అంది, సాతానుకి ఆ పాట అంటేనే పడదు అంది, తగిన కారణం లేకుండా దేవుడి స్తుతిని ఆపినవాళ్ళకి పరలోకంలో ఆ స్తుతిలో చోటుండదు అని మొహం మీదే రాసింది. 1179 మార్చిలో శిక్ష తీసేశారు. ఆ ఏడాదే సెప్టెంబరు 17న కన్నుమూసింది. ఆఖరి ఆరు నెలలు పాట విని వెళ్ళింది.

ఇది తెలిశాక ఆ బంగారు పెట్టెలో నాలుక ఉందని గుర్తొస్తే ఎలా ఉంటుందో చూడండి. ఇప్పటి మఠంలోనూ ఒకసారి పాట ఆగింది, 1941లో నాజీలు సిస్టర్లందరినీ వెళ్ళగొట్టారు, 1945లో తిరిగొచ్చారు. అందుకే షాపుకి మాత్రమే వచ్చి వెళ్ళిపోయేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. ప్రార్థన టైము చూసుకుని, దానికి అరగంట ముందు వెళ్ళండి.

షాపు సంగతి. పెద్దదే, పుస్తకాలు, కొవ్వొత్తులు, మట్టి పాత్రలు, మఠం వైన్, సీడీలు, తినే సరుకు అన్నీ ఉంటాయి. తినేవాటిలో ఎక్కువ డింకెల్‌వి. డింకెల్ అంటే గోధుమకి పాతకాలపు చుట్టం, గింజకి పొట్టు గట్టిగా పట్టుకుని ఉంటుంది. ధాన్యాలన్నిటిలో ఇదే మేలని, ఒంటికి మంచి రక్తం పట్టిస్తుందని, మనసుని ఉల్లాసంగా ఉంచుతుందని హిల్డెగార్డ్ రాసింది. ఆ పిండి మామూలు గోధుమపిండిలాగే వాడుకోవచ్చు. నేను చపాతీలు చేశాను, కాస్త తియ్యగా, బాదంపప్పు వాసనతో బాగా వచ్చాయి, కానీ ముద్ద ఎక్కువ పిసక్కండి, సాగి చిరుగుతుంది. గోధుమ జాతే కాబట్టి గ్లూటెన్ ఉంటుంది, అది పడనివాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు.

అక్కడ తీసుకున్న బిస్కెట్ల దగ్గర జరిగింది చెప్పాలి. హిల్డెగార్డ్ రాసిన పద్ధతి అది: జాజికాయ, దాదాపు అంతే దాల్చినచెక్క, కొంచెం లవంగం పొడిచేసి పిండిలో కలిపి చిన్న చిన్న రొట్టెలు చేసుకుని తినాలి, గుండెలోని చేదు తగ్గుతుంది, మనసు తేటపడుతుంది అని. జర్మన్లు వీటిని నరాల బిస్కెట్లు అంటారు. బయట బెంచీ మీద కూర్చుని ప్యాకెట్ విప్పి అమ్మకి ఒకటిచ్చాను. నోట్లో పెట్టుకోలేదు, ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇది జాజికాయే. నిన్ను నిద్రపుచ్చడానికి మీ అమ్మమ్మ సానరాయి మీద పాలు పోసి రెండే రెండు చుట్లు అరగదీసి నాకించేది" అంది. అమ్మ చూపుడువేలు గాల్లో ఆ రెండు చుట్లూ తిప్పింది. ఎక్కడి రైన్ నది, ఎక్కడి మా ఊరి సానరాయి! 12వ శతాబ్దంలో ఈ దినుసులన్నీ మన సముద్రాల మీదుగా, ఎన్నో చేతులు మారి, ఇంత దూరం ఆవిడ వంటింటికి చేరాయి. గుండె నొప్పికి ఆవిడ చెప్పిన గల్గాంట్ అనే దుంప కూడా మన దుంపరాష్ట్రం జాతిదే, అమ్మకి వాసన చూపిస్తే వెంటనే గుర్తుపట్టింది. బిస్కెట్లు గట్టిగా ఉంటాయి, తీపి తక్కువ, టీలో ముంచుకుంటే బాగుంటాయి. జాజికాయ మోతాదు మించితే మంచిది కాదు, పిల్లలకి ప్యాకెట్ ఇచ్చేయకుండా ఒకటో రెండో ఇవ్వండి.

ధరలు సూపర్‌మార్కెట్ ధరలు కావు, కానీ ఎవరి పనికి డబ్బు కడుతున్నామో కళ్ళెదురుగా కనిపిస్తుంది కాబట్టి నాకు భారం అనిపించలేదు.

ఇప్పుడు బయటి సరుకు. రెండేళ్ళ కింద, ఈ మఠం ఉందని కూడా తెలియని రోజుల్లో, ఒక ఆన్‌లైన్ షాపులో హిల్డెగార్డ్ బొమ్మ వేసిన గల్గాంట్ మాత్రలు కొన్నాను. గుండెకి, గ్యాస్‌కి, టెన్షన్‌కి అన్నిటికీ గ్యారంటీ అని రాశారు. మూడు డబ్బాలు తీసుకుంటే తగ్గింపు అన్నారు, తీసుకున్నాను. వచ్చిన డబ్బాల మీద ఇంకో నెలలో డేట్ అయిపోతోంది, మెయిల్ పెడితే జవాబు లేదు, డబ్బులూ రాలేదు. అంతకన్నా కోపం వచ్చింది దేనికంటే, ఆవిడ రాసినవన్నీ చూస్తే వాటిల్లో మందుతో పాటు తిండి, నిద్ర, మితం, ప్రార్థన, మనసులో కుళ్ళు లేకపోవడం ఉంటాయి. వాటిల్లోంచి ఒక్క దుంపని పీకి డబ్బాలో పోసి పునీతురాలి మొహం అంటించారు. గుండెలో నొప్పి వస్తే మాత్రలు వెతక్కండి, ఆసుపత్రికి పరిగెత్తండి. ఆ డబ్బాల సరుకుకి నా రేటింగ్ సున్నా.

ఆవిడ అసలు మాట ఒకటుంది, లాటిన్‌లో విరిడితాస్. మఠం షాపులో ఏ పుస్తకం తిరగేసినా కనిపిస్తుంది. పచ్చదనం అని అర్థం. చెట్టులో ఎక్కే రసం, మనిషిలోని ప్రాణం, ఆత్మలో దేవుడు పెట్టిన చేవ అన్నీ కలిపి ఆవిడ ఆ ఒక్క మాటతో చెప్పేది. పాపం చేస్తే మనిషి ఎండిపోతాడు, దయ ఉంటే చిగురిస్తాడు. జర్మన్‌లో దీన్ని వివరించడానికి పేజీలకి పేజీలు రాశారు. అమ్మకి చెప్తే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, "పచ్చగా ఉండు అని మనం అనమా?" అంది. అవును, కాళ్ళకి దణ్ణం పెట్టిన ప్రతిసారీ విన్న మాటే అది.

నాకు నచ్చనిది కూడా రాస్తాను, దాచడం ఆవిడకి గౌరవం కాదు. రూపర్ట్స్‌బెర్గ్‌లో పెద్దింటి ఆడపిల్లల్నే చేర్చుకునేది. పండుగ రోజుల్లో వాళ్ళు జుట్టు విరబోసుకుని, తెల్ల పట్టు ముసుగులు, కిరీటాలు పెట్టుకుని పాడేవాళ్ళు. ఇంకో మఠం పెద్ద టెంక్స్‌విండ్ అనే ఆవిడ, క్రీస్తు బీద జాలరుల్ని పిలిచాడు కదా, మీరు బీదవాళ్ళని ఎందుకు రానివ్వరు అని ఉత్తరం రాసింది. పశువులన్నిటినీ ఒకే దొడ్లో ఎవరైనా కడతారా అని హిల్డెగార్డ్ జవాబు. ఊళ్ళో ఏ పేటవాళ్ళు చర్చిలో ఎక్కడ కూర్చునేవాళ్ళో మా అమ్మమ్మ నోట విన్నదాన్ని నేను, ఆ జవాబు చదివితే గుండెలో గుచ్చుకుంది. టెంక్స్‌విండ్ అడిగిందే న్యాయం.

అంత పేరున్న ఆవిడని శ్రీసభ అధికారికంగా పునీతగా గుర్తించడానికి 833 ఏళ్ళు పట్టింది. 13వ శతాబ్దంలోనే విచారణ మొదలై మధ్యలో ఆగిపోయింది. జనం మాత్రం ఎవరి అనుమతీ అడక్కుండా పునీత అనే పిలుచుకున్నారు. 2012 మేలో పదహారో బెనెడిక్ట్ పోపుగారు ఆ మాట ఖాయం చేసి, అక్టోబరు 7న సభ పండితురాలిగా, అంటే శ్రీసభ మొత్తానికి బోధించగల గురువుగా, ప్రకటించారు. ఆ బిరుదు పొందిన స్త్రీలు ఇప్పటికి నలుగురే.

వెళ్ళేవాళ్ళకి: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైలులో గంటా పావు దాకా పడుతుంది, వీస్‌బాడెన్ మీదుగా వెళ్తుంది, అక్కడి నుంచి నది పక్కనే, వీస్‌బాడెన్ దాటాక రైలు వెళ్ళే దిక్కుకి ఎడమ వైపు కూర్చోండి. షాపు తెరిచే రోజులు, ప్రార్థన వేళలు ముందే చూసుకోండి. సెప్టెంబరు 17న వెళ్ళగలిగితే ఆవిడ పండుగ, ఆ రోజు బంగారు పెట్టెని ఊరేగిస్తారు. తీరిక ఉంటే నది దాటి బింగెన్ మ్యూజియం కూడా చూడండి.

షాపులో పోస్ట్‌కార్డులు ఉంటాయి, అన్నిటికన్నా చవక, నాకన్నిటికన్నా నచ్చినవి. స్కీవియాస్ పాత ప్రతిలోని బొమ్మలవి. ఆ అసలు ప్రతిని యుద్ధంలో భద్రం కోసం డ్రెస్‌డెన్‌కి పంపితే 1945లో కనిపించకుండా పోయింది. అదృష్టం, ఇక్కడి సిస్టర్లు 1927 నుంచి 1933 దాకా కూర్చుని తోలు కాగితం మీద చేత్తో దానికి నకలు రాసి, బొమ్మలు వేసి పెట్టారు, ఈరోజు ఆ రంగులు లోకానికి తెలుస్తున్నాయంటే ఆ నకలు వల్లే. ఒక బొమ్మలో హిల్డెగార్డ్ కూర్చుని ఉంటుంది, ఒడిలో మైనం పలక, పైనుంచి అయిదు మంట నాలుకలు తల మీదికి దిగుతుంటాయి, పక్కన కిటికీలోంచి ఆమె లేఖకుడు ఫోల్మార్ ఫాదర్ తల లోపలికి పెట్టి ఏం రాస్తోందా అని చూస్తుంటాడు. అమ్మ అది ఒకటి తీసుకుంది. ఊరెళ్ళే రోజు బిస్కెట్ ప్యాకెట్లు, పిండి అన్నీ సూట్‌కేసులోకి వెళ్ళాయి, ఆ కార్డు మాత్రం ప్రార్థన పుస్తకంలో పెట్టుకుని విమానంలో చేత్తో పట్టుకెళ్ళింది.